సంక్రాంతి సారె ఇంట్లోనే: ఒకే పిండి, ఒకే నూనె

సంక్రాంతికి ఆడపిల్ల అత్తింటికి సారె, చుట్టుపక్కల ఇళ్లకు తలా ఒక డబ్బా పిండివంటలు, పెద్దవాళ్లకు కప్పుకునేదో కట్టుకునేదో ఒకటి ఇవ్వాలి. ఇవన్నీ కొనుక్కొస్తే జనవరి జీతం పండక్కి ముందే ఖాళీ అవుతుంది. మిఠాయి దుకాణంలో కిలో అరిసెలకు ఇచ్చే డబ్బులో బియ్యం, బెల్లం, నూనె వాటా సగం కూడా ఉండదు. మిగిలిందంతా చేతి కష్టానికి, షాపు అద్దెకు పోయేదే. అయినా ఇంట్లో చేసుకుని కూడా ఖర్చు తగ్గని ఇళ్లు చాలా ఉన్నాయి. వాళ్లకు వంట రాక కాదు, పని వరస కుదరక. అరిసెలకని ఒకరోజు మరకు వెళ్తారు, సకినాలకని రెండు రోజులాగి మళ్లీ వెళ్తారు, వంటకో కొత్త నూనె ప్యాకెట్టు విప్పుతారు, పండగ వారంలో పెరిగిన ధరకు బెల్లం కొంటారు. పిండి ఒక్కసారే ఆడించి, నూనె ఒక్కసారే పోసి, కొనాల్సింది డిసెంబరులోనే కొంటే ఖర్చు దానంతట అదే తగ్గుతుంది.

కింద ఇచ్చిన లెక్క నలుగురున్న ఇంటికి, దాంతోపాటు ఆరు ఇళ్లకు పంచడానికి సరిపోతుంది.

డిసెంబరులో కొని పెట్టేవి

బియ్యం 3.5 కిలోలు, బెల్లం 2.25 కిలోలు, నువ్వులు ముప్పావు కిలో, మినుములు అర కిలో, నెయ్యి 300 గ్రాములు, వేరుశనగ నూనె 2 లీటర్లు, వాము 25 గ్రాములు, ఏలకులు 10 గ్రాములు. వీటితో 80కి పైగా అరిసెలు, 40 దాకా సకినాలు, 30 సున్నుండలు, 25 చిమ్మిలి ఉండలు, రెండు డబ్బాల చెక్కలు వస్తాయి.

బియ్యం కొత్తవే కావాలి. వానాకాలం వరి కోతలయ్యాక నవంబరు, డిసెంబరుల్లో వచ్చే బియ్యం అన్నం వండితే ముద్దవుతుంది కాబట్టి పాతవాటికంటే చవగ్గా దొరుకుతాయి. పిండివంటకు కావాల్సింది ఆ జిగటే. దొడ్డు బియ్యమైతే ఇంకా మంచిది. రేషన్ బియ్యం అరిసెలకు చక్కగా పనికొస్తాయి. తెలంగాణలో 2025 ఉగాది నుంచి రేషన్‌లో సన్నబియ్యం ఇస్తున్నారు, అవీ పనికొస్తాయి. ఉప్పుడు బియ్యం, బాస్మతి మాత్రం వద్దు. ఉప్పుడు బియ్యం పిండి పాకంలో కలవదు, బాస్మతికి జిగట చాలదు.

బెల్లం రంగు చూసి మోసపోకండి. పసుపుపచ్చగా మెరిసే బెల్లం కంటే కొంచెం ముదురు రంగుదే మంచిది. చిన్న ముక్క నోట్లో వేసుకుని చూడండి. ఉప్పగా తగిలితే పాకం సరిగ్గా కుదరదు, వంట కూడా ఉప్పగా వస్తుంది. అనకాపల్లి బెల్లం దొరికితే సరే, దొరక్కపోతే ఏ ఊరి గట్టి అచ్చు బెల్లమైనా ఫర్వాలేదు. మెత్తబడి నీరు కారే బెల్లం తీసుకోవద్దు. నువ్వులు తెచ్చిన రోజే కడిగి, నీళ్లలో రాళ్లు అడుగున మిగిలేలా గాలించి, రెండు ఎండలు ఎండబెట్టండి. పండగ పని మధ్యలో గాలించడం కుదరదు.

ఒక్కసారే మరకు

పండగకు వారం ముందు వచ్చే శనివారం పొద్దున 2 కిలోల బియ్యం అరిసెలకు నానబోయండి. ఇవి 24 గంటలు నానాలి. ఆ మధ్యలో కనీసం రెండుసార్లు నీళ్లు మార్చాలి, లేకపోతే పులుపు వాసన వస్తుంది. ఆ వాసన పాకంలో కూడా పోదు. ఆదివారం తెల్లవారుజామున 5 గంటలకు మిగతా 1.5 కిలోలు వేరే గిన్నెలో నానబోయండి. సకినాలకు, చెక్కలకు ఐదారు గంటల నాను చాలు. పదకొండు గంటలకల్లా రెండూ జల్లిబుట్టలో వేసి నీళ్లు వార్చి, పలుచని గుడ్డ మీద అరగంట నీడలో ఆరనివ్వండి. ఎండలో పెట్టకూడదు. గింజను చేత్తో పట్టుకుంటే తడి అంటాలి గాని చుక్క రాలకూడదు, ఆ అదనులో మరకు తీసుకెళ్లాలి.

అన్ని మరలూ తడి బియ్యం ఆడవు. పండగ వారంలో తడిపిండి కోసం ఒక గిర్నీని విడిగా పెట్టేవాళ్లు చాలా ఊళ్లలో ఉంటారు. ఏ రోజు, ఎన్ని గంటలకు ఆడతారో శుక్రవారమే కనుక్కోండి. తడిపిండికి ముందు ఆ మరలో కారం ఆడలేదని కూడా చూసుకోండి. మర కుదరకపోతే మిక్సీ ఉంది: జారులో మూడో వంతే బియ్యం వేసి, ఆపి ఆపి తిప్పండి. జారు నింపి ఏకధాటిగా తిప్పితే పిండి వేడెక్కి తడి ఆరిపోతుంది, మోటారూ కాలుతుంది.

పిండిని సన్నని జల్లెడతో జల్లించండి. పైన మిగిలిన రవ్వను పారేయక్కర్లేదు, సోమవారం ఉప్మాకో జావకో వాడుకోవచ్చు. జల్లించిన పిండిని గుప్పిట్లో బిగించి వదిలితే ముద్దగా నిలవాలి, వేలితో పొడిస్తే విరగాలి. నిలవకపోతే తడి చాలలేదు: చేత్తో కొద్దిగా నీళ్లు చిలకరించి, కలిపి, మళ్లీ జల్లించండి. ఈ పిండిని గిన్నెలో అదిమి తడిగుడ్డ కప్పి ఉంచండి. మూతపెట్టకుండా అరగంట వదిలేస్తే పైపొర ఎండి అరిసెల్లో ఉండలు తగులుతాయి. దిద్దుకోవడానికి ఉంచే గుప్పెడు తప్ప మిగతాదంతా అదే రోజు వాడేయాలి, ఉంచితే పులుస్తుంది.

అమెరికాలోనో గల్ఫ్‌లోనో ఉన్నవాళ్లకు అరిసెలు ఎందుకు విడిపోతాయంటే చాలాసార్లు కారణం ఇదే. షాపులో దొరికే ప్యాకెట్టు బియ్యప్పిండి పొడి పిండి. దానికి నీళ్లు చిలకరించినా తడిపిండి అవదు. సోనామసూరి బియ్యం ఒకరోజు నానబెట్టి మిక్సీ పట్టడమే మార్గం.

పాకం

పండగ వంటల్లో డబ్బూ శ్రమా కలిసి పాడయ్యే చోటు ఇదొక్కటే, అందుకే దీని గురించి కాస్త ఎక్కువ చెప్పుకోవాలి.

2 కిలోల బియ్యానికి బెల్లం కిలోన్నర. తీపి తక్కువ తినే ఇంట్లో 1.4 కిలోలు వేసుకోవచ్చు. అంతకంటే తగ్గిస్తే పిండి మొత్తం పట్టేంత పాకం ఉండదు. బెల్లం చితక్కొట్టి, రెండు గ్లాసుల నీళ్లు, అంటే 400 మిల్లీలీటర్లు పోసి, సన్నటి సెగ మీద కరిగించండి. కరిగీకరగగానే దించి గుడ్డలో వడగట్టండి. ఇసుక, చెరకు పీచు ఎంత అడుగున మిగులుతాయో చూస్తే ఈ పని ఇంకెప్పుడూ మానరు. అడుగు మందంగా ఉన్న గిన్నె కడిగి, వడగట్టిన పానకం మళ్లీ పొయ్యి మీద పెట్టండి.

నీళ్లెక్కువ పోస్తే పాడయ్యేదేమీ లేదు, ఇగరడానికి గ్యాసు ఎక్కువ ఖర్చవుతుందంతే. తక్కువ పోస్తే బెల్లం కరగకముందే అడుగంటుతుంది.

బుడగలు మొదట పెద్దవిగా, వదులుగా వస్తాయి. అవి చిన్నబడి నురగ చిక్కబడ్డాక ప్రతి నిమిషానికీ పరీక్ష చేయాలి. పళ్లెంలో చల్లటి నీళ్లు పోసుకుని అర చెంచా పాకం వేయండి. వేలితో దగ్గరికి తీస్తే కరిగిపోతే ఇంకా కావాలి. తీగలా సాగి ఉండ కట్టకపోతే కూడా ఇంకా కావాలి. మెత్తటి ఉండగా చేతికి వచ్చి, నొక్కితే అణిగితే అదే అరిసె పాకం. థర్మామీటరు ఉన్నవాళ్లకు ఇది 112 నుంచి 115 డిగ్రీల సెల్సియస్ మధ్య. ఆ ఉండను పళ్లానికేసి కొడితే టంగుమని మోగితే అది పల్లీ పట్టికి పనికొచ్చే పాకం, అరిసెలకు దాటిపోయినట్టే. ఈ రెంటికీ మధ్య తేడా రెండు నిమిషాలు కూడా ఉండదు. అందుకని పరీక్ష చేసేటప్పుడల్లా గిన్నెను పొయ్యి దించండి.

పాకం రాగానే దించి, రెండు చెంచాల నెయ్యి, ఏలకుల పొడి, 100 గ్రాముల నువ్వులు వేసి, ఒకరు పిండి వంపుతూ ఉంటే ఒకరు గట్టి తెడ్డుతో కలపాలి. ఒక్కరే రెండు పనులూ చేస్తే ఉండలు కడతాయి. పిండి అంతా ఒకేసారి గుమ్మరించకండి. ముద్ద గరిట నుంచి జారి పడే దశ దాటి, గరిటకు అంటుకుని నిదానంగా దిగే దశలో ఆపేయాలి. చల్లారాక అది ఇంకా గట్టిపడుతుంది. వేడి మీదే "సరిగ్గా ఉంది" అనిపిస్తే చల్లారాక రాయవుతుంది. ఒక గుప్పెడు పిండి ఎప్పుడూ పక్కన మిగుల్చుకోండి, వేయించేటప్పుడు దిద్దుకోవడానికి అదే ఆసరా. పైన చెంచా నెయ్యి రాసి మూతపెట్టి రాత్రంతా ఉంచితే చలిమిడి బాగా నాని అరిసె మెత్తగా వస్తుంది.

మర్నాడు ముందు ఒకే ఒక్క అరిసె వేయించి చూడండి. నూనెలో అది పిండిగా విడిపోతే పాకం లేతగా ఉందని, మిగుల్చుకున్న పిండి రెండు మూడు చెంచాలు కలిపి మళ్లీ చూడండి. అప్పటికీ విడిపోతే చలిమిడిని అడుగు మందమున్న గిన్నెలో నెయ్యి వేసి సన్నటి సెగ మీద ఐదు నిమిషాలు తిప్పండి, కొంత నీరు ఇగురుతుంది. అంచులు పగిలి, ఒత్తుతుంటే చీలిపోతే పాకం ముదిరింది: వేడి పాలు చెంచా చెంచాగా వేసి పిసకండి. ఈ రెండో తప్పు దిద్దుకోవడం మొదటిదానికంటే తేలిక. అనుమానంగా ఉన్నప్పుడు పాకాన్ని కాస్త ముదురు వైపే ఆపడం మేలు.

నూనె వరస

ఒకే నూనెలో మూడు వంటలు దిగాలంటే వరస తప్పకూడదు: ముందు చెక్కలు, తర్వాత సకినాలు, చివర అరిసెలు. అరిసెల్లోంచి ఊడే బెల్లం నూనెను నల్లబరుస్తుంది, తర్వాత వేసే వంట మాడు రుచి కొడుతుంది. తిరగేసి చేసినవాళ్లే రెండోసారి నూనె కొంటారు. వెడల్పాటి మూకుడు కాకుండా లోతైన ఇరుకు బాణలి వాడితే లీటరు నూనెతోనే మొదలుపెట్టొచ్చు. తగ్గుతున్నకొద్దీ కొంచెం కొంచెం పోసుకోండి. రెండు లీటర్లలో మొత్తమ్మీద ఒకటీ పావు దాకా తరుగుతుంది.

చెక్కలకు అర కిలో బియ్యం పిండి, అరగంట నానిన పెసరపప్పు 50 గ్రాములు, వెన్న 50 గ్రాములు, పచ్చిమిర్చి–అల్లం ముద్ద, కరివేపాకు, ఉప్పు కలపండి. పిండిలో తడి ముందే ఉంది, నీళ్లు చిలకరించుకుంటూ పోవాలి. పలుచగా ఒత్తితే కరకరలాడతాయి, మందమైతే మధ్యలో మెత్తగా ఉండి నాలుగు రోజులకే వాసన వస్తాయి.

సకినాలకు కిలో బియ్యం పిండిలో 200 గ్రాముల నువ్వులు, 25 గ్రాముల వాము, ఉప్పు వేసి పొడిగానే బాగా కలిపి, ఆ తర్వాత నీళ్లు పోయాలి. ఒకేసారి మొత్తం తడపకండి. ఒక్కో విడతకు రెండు గుప్పెళ్ల పిండి చాలు, మిగతాది తడిగుడ్డ కింద ఉంచండి. ముద్ద చపాతీ పిండికంటే వదులుగా, వేళ్ల మధ్య జారకుండా సాగేలా ఉండాలి. నేల మీద పాత నూలు ధోవతి పరిచి, బొటనవేలు, చూపుడువేలుతో మెలితిప్పుతూ మూడు నాలుగు చుట్లు చుట్టండి. పాలిస్టర్ గుడ్డ పనికిరాదు, అది నీరు పీల్చదు. సకినం ఆరేది గాలికి కాదు, కింద గుడ్డ పీల్చితేనే.

అరగంట, ముప్పావు గంట ఆగి అట్లకాడతో అంచు లేపి చూడండి. విరక్కుండా లేస్తే వేయించడానికి సిద్ధం. చలిమబ్బు పట్టిన రోజు గంట పడుతుంది, గుడ్డ మార్చాల్సి కూడా రావచ్చు. తడి ఆరకుండా వేస్తే లోపలి ఆవిరి పేలి నూనె చిందుతుంది. పిల్లలను ఈ పొయ్యి దగ్గరికి రానివ్వకండి. నూనె బాగా కాగాక మంట మధ్యస్థంగా పెట్టి, ఒకేసారి నాలుగైదు వేసి, గట్టిపడేదాకా కదపకండి. ఎర్రగా వేయించడం తప్పు. లేత బంగారు రంగు రాగానే తీయాలి, బయటికొచ్చాక ఇంకాస్త రంగెక్కుతాయి. పళ్లు విరిగేంత గట్టిగా వచ్చాయంటే ముద్ద గట్టిగా కలిపారు, లేదా బియ్యం పాతవి.

ఆదివారం ఇంతటితో ఆపి నూనె చల్లారాక గుడ్డలో వడగట్టండి. రాలిన నువ్వులు అడుగున మాడకుండా ఉంటే రేపటికి నూనె తేటగా ఉంటుంది. సోమవారం సాయంత్రం అరిసెలు. నెయ్యి రాసిన అరటాకు మీద నిమ్మకాయంత ఉండను చిటికెన వేలి మందం కంటే కాస్త పలుచగా ఒత్తి, మధ్యస్థ సెగలో ఒకటి రెండు చొప్పున వేయండి. పొంగి పైకి తేలాక తిరగేసి, ఎర్రబడగానే తీసి అరిసెల చెక్కల మధ్య నొక్కండి. చెక్కలు లేనివాళ్లకు రెండు చిల్లుల గరిటెలు చాలు. నొక్కితే కారిన నూనె తిరిగి బాణలిలోకే పోతుంది. నొక్కకుండా వదిలేసిన అరిసెలు వారానికే నూనె వాసన కొడతాయి. 

నూనె అక్కర్లేని రెండు

సున్నుండలకు పొట్టు మినుములు అర కిలో సన్నటి సెగ మీద 20 నుంచి 25 నిమిషాలు వేయించాలి. పెద్ద మంట మీద పది నిమిషాల్లో పైపొట్టు మాడుతుంది, లోపల పచ్చి వాసన అలాగే ఉంటుంది. ఒక గింజ కొరికి చూస్తే లోపల లేత ఎరుపు కనిపించాలి. చల్లారాక కొంచెం రవ్వగా ఆడించండి. మరీ మెత్తటి పిండి అంగిట్లో అతుక్కుంటుంది. 400 గ్రాముల బెల్లం తురుము కలిపి ఇంకోసారి మిక్సీలో తిప్పి, 200 నుంచి 250 గ్రాముల వేడి నెయ్యి కొద్దికొద్దిగా పోస్తూ ఉండలు కట్టండి. ఉండ నిలవకపోతే బెల్లం పెంచకండి, నెయ్యి చల్లబడి ఉంటుంది. పిండి గిన్నెను వేడినీళ్ల గిన్నెలో రెండు నిమిషాలు పెట్టి చూడండి.

చిమ్మిలి ఇంకా సులువు. 300 గ్రాముల నువ్వులు చిటపటలాడేదాకా వేయించి, చల్లారాక 225 గ్రాముల బెల్లంతో రోట్లో దంచడమే. నువ్వుల్లోని నూనె ఊరి ముద్ద దానంతట అదే ఉండ కడుతుంది. మిక్సీ అయితే రెండు తిప్పులకు ఆపండి. ఎక్కువ తిప్పితే నూనె తేలి జావైపోతుంది.

ఈ నెల రోజుల వంట

పండగకు మిగలాల్సిన డబ్బు రోజువారీ కూరల్లోంచే మిగలాలి. చలికాలం అందుకు అనువైన కాలం. చిక్కుడు, వంకాయ, టమాటా, ముల్లంగి, మెంతికూర ఇప్పుడే చవక. పచ్చి కందికాయలు, చిత్తూరు వైపు అనపకాయలు (సొరకాయలు కాదు, చిక్కుడు జాతి గింజల కాయలు) దొరికే ఊళ్లలో వారానికి రెండు రోజులు కందిపప్పు డబ్బా తెరవక్కర్లేదు. కిలో కందికాయలు ఒలిస్తే అర కిలోకు తక్కువే గింజ వస్తుంది. అది చూసి ధర పోల్చుకోండి. గింజలు ఉప్పునీళ్లలో ఉడకబెట్టి తింటే సాయంత్రం చిరుతిండి ఖర్చు కూడా తప్పుతుంది.

రాత్రిపూట పులగం పెట్టుకోండి. రెండు గ్లాసుల బియ్యం, గ్లాసు పెసరపప్పు, ఎనిమిది గ్లాసుల నీళ్లు, మిరియాలు, జీలకర్ర, కొంచెం నెయ్యి. ఒక్క కుక్కరుతో భోజనం అయిపోతుంది, పక్కన పచ్చిపులుసో ఉసిరి పచ్చడో చాలు. భోగినాడు తెలంగాణ, రాయలసీమ ఇళ్లలో చేసే నువ్వుల సజ్జరొట్టె మామూలు రోజుల్లోనూ చేసుకోదగ్గదే. రెండు గ్లాసుల సజ్జపిండికి మూడు చెంచాల నువ్వులు, మరిగే నీళ్లు. చన్నీళ్లతో కలిపితే రొట్టె అంచులు చీలిపోతాయి, ఎందుకంటే సజ్జలో గోధుమకున్న సాగుడు లేదు. ఆ పట్టు వేడినీళ్లతోనే రావాలి. సజ్జపిండి నెల దాటితే చేదెక్కుతుంది, రెండు వారాలకు సరిపడానే ఆడించుకోండి.

ఉసిరికాయ పచ్చడి కానుకగానూ పనికొస్తుంది. కిలో కాయలు కడిగి, ఒక్కొక్కటీ తుడిచి, ఫ్యాను కింద మూడు గంటలు ఆరబెట్టండి. పచ్చడి బూజు పట్టేది కాయ తొడిమ గుంటలో మిగిలిన నీటి చుక్క వల్లే. 250 మిల్లీలీటర్ల నూనెలో సన్నటి సెగ మీద మూతపెట్టి మగ్గించి, తొనలు విడిపోయేటప్పుడు దించి గింజలు తీసేయండి. 100 గ్రాముల చింతపండును మరిగించిన నీళ్లలో నానబెట్టి, చిక్కటి గుజ్జు తీసి, నీరింకేదాకా ఉడికించండి. అన్నీ పూర్తిగా చల్లారాకే ఉప్పు 150 గ్రాములు, కారం 125, ఆవపిండి 60, మెంతిపిండి 15 గ్రాములు కలపాలి. వేడి మీద కలిపితే ఆవపిండి చేదవుతుంది, కారం రంగు నల్లబడుతుంది. పైన వెల్లుల్లి తిరగమోత. మూడో రోజు తిరగకలిపి ఉప్పు చూసి సీసాలకెత్తండి. పావు కిలో సీసాలు ఆరు దాకా నిండుతాయి.

తినేవి కాని కానుకలు

చలికాలంలో పెద్దవాళ్లకు పాత నూలు చీరల బొంత కంటే మంచి కానుక తట్టదు. రెండు చీరలు చాలు. మొదటి చీర ఐదున్నర మీటర్లను మూడు మడతలు వేస్తే 1.83 మీటర్ల పొడవు, 1.15 మీటర్ల వెడల్పు వస్తుంది. అది లోపలి మూడు పొరలు. రెండో చీరలో 3.8 మీటర్లు కత్తిరించి సగానికి మడిస్తే పైనా కిందా కప్పే సంచి అవుతుంది. మిగిలిన ముక్క అంచుపట్టీకి, చిరిగినచోట అతుకుకు. ఒకరికి సరిపోయే ఐదు పొరల బొంత ఇది. ముందు నాలుగంగుళాల పొడుగు కుట్లతో పొరలన్నీ కదలకుండా పట్టించండి. తర్వాత మధ్యలోంచి మొదలుపెట్టి అంచుల వైపు వరసలు కుట్టుకుంటూ పోవాలి. అంచు నుంచి మొదలుపెడితే గుడ్డ మధ్యలో గుట్టగా పోగవుతుంది. కుట్టుకు కుట్టుకు సెంటీమీటరు, వరసకు వరసకు నాలుగు సెంటీమీటర్లు. అంటే 29 వరసలు, యాభై మీటర్ల పైచిలుకు కుట్టు. రోజుకు గంట చొప్పున మూడు వారాలు పడుతుంది కాబట్టి డిసెంబరు మొదట్లోనే సూది పట్టాలి. రెండూ బాగా ఉతికి వాడిన నూలు చీరలే అయి ఉండాలి. కొత్త చీర కలిపితే మొదటి ఉతుకులోనే అది ముడుచుకుని బొంత ముడతలు పడుతుంది. సిల్కులా జారే చీర పొరలు కుదురుగా నిలవవు, వెచ్చదనమూ ఇవ్వదు.

రెండోది సున్నిపిండి. పెసలు అర కిలో, శనగపప్పు 100 గ్రాములు, బియ్యం 50, మెంతులు 25, కస్తూరి పసుపు 25 గ్రాములు, గుప్పెడు ఎండిన గులాబీ రేకులు, డిసెంబరంతా తిన్న కమలా తొక్కలు ఎండబెట్టినవి 50 గ్రాములు. తొక్కలు విరిస్తే పటుక్కున విరగాలి, వంగితే ఇంకా ఎండాలి. వంటింటి పసుపు వేస్తే తువ్వాళ్లు పచ్చబడతాయి. చాలామంది బావంచాలు అనే మందు గింజలు కూడా కలుపుతారు గాని, అవి రాసుకుని ఎండలోకి వెళ్తే కొందరికి చర్మం కమిలి మచ్చలు పడతాయి. పంచిపెట్టే పిండిలో వేయకపోవడమే మంచిది. అన్నిటికంటే ముఖ్యం, దీన్ని కారం ఆడే మరలో ఆడించకూడదు. కంటికి కనిపించనంత కారం కలిసినా ఒళ్లు భగ్గుమంటుంది. ఇచ్చేటప్పుడు పాలమీగడతో కలిపి వాడమని చీటీ రాసి పెట్టండి, చలికి పొడిబారిన చర్మానికి నీళ్ల కంటే అదే నయం. భోగినాటి తలంట్లకు అందాలి కాబట్టి ఈ డబ్బా మిగతావాటికంటే ముందే చేరేయండి.

పిల్లల చేతికి గొబ్బి పిడకల పని, అంటే భోగిమంటలో వేసే దండకు ఆవుపేడతో చిన్న పిడకలు చేసే పని అప్పగించొచ్చు. మంచు రోజుల్లో ఆరడానికి వారం పైనే పడుతుంది, పండగకు పన్నెండు రోజుల ముందు మొదలుపెట్టాలి. మధ్యలో చిల్లు పచ్చిగా ఉన్నప్పుడే వేలంత వెడల్పు చేయండి, ఆరాక ముడుచుకుంటుంది. 

కట్టి పంపడం

ఒక్కో ఇంటికి ఎనిమిది అరిసెలు, నాలుగు సకినాలు, నాలుగు సున్నుండలు, మూడు చిమ్మిలి ఉండలు, గుప్పెడు చెక్కలు. ఏ వంటా వేడి మీద మూతపెట్టకూడదు, కనీసం మూడు గంటలు చల్లారాలి. లోపల ఆవిరి పట్టిందంటే కరకర పోతుంది, రెండో వారానికి బూజు. తీపినీ కారాన్నీ ఒకే డబ్బాలో పెడితే అరిసెల తడి సకినాలు లాక్కుంటాయి. వేరు చేయడం కుదరకపోతే మధ్యలో విస్తరాకు అడ్డం పెట్టండి. వార్తాపత్రికలో చుట్టడం మానండి. నూనె తగిలితే సిరా కరిగి తిండికి అంటుకుంటుంది, భారత ఆహార భద్రతా సంస్థ కూడా వద్దనే చెబుతుంది. 

బస్సులోనో కొరియర్లోనో వెళ్లే సారెలో సకినాలను నిలువుగా, పళ్లెంలా ఒకదాని పక్కన ఒకటి నిలబెట్టి, ఖాళీల్లో మరమరాలు నింపండి. పడుకోబెట్టి పేరిస్తే అడుగువి బరువుకు విరుగుతాయి. ఆ మరమరాలు దారిలో విరిగిన సకినాల ముక్కలతో కలిపి తిరగమోత పెడితే అక్కడివాళ్లకు ఒక సాయంత్రం చిరుతిండి. అరిసెలు పదిహేను, ఇరవై రోజులు, సున్నుండలు మూడు వారాలు, సకినాలు గాలి దూరని డబ్బాలో నెల రోజులు నిలుస్తాయి. అరిసెలు గట్టిపడితే ఇడ్లీ పాత్రలో రెండు నిమిషాలు ఆవిరి పట్టిస్తే మెత్తబడతాయి. అలా ఆవిరి పట్టినవి ఆ పూటే తినేయాలి, తిరిగి డబ్బాలో పెట్టకూడదు. బాణలిలో మిగిలిన నూనె అరిసెల తర్వాత ముదురు రంగులో ఉంటుంది: వడగట్టి సీసాలో పోసి, పది రోజుల్లోపు పులుసులకు, తిరగమోతలకు వాడేయండి. మళ్లీ దేన్నీ అందులో వేయించకండి.